డిగ్రీలో నాలుగో ఏడు: ఆనర్స్ చదివించాలా, వద్దా?
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ ప్రసంగం)

 

పిల్లల చదువు కోసం అప్పు అడిగేటప్పుడు మన సంఘాల్లో ఇప్పుడు కొత్తగా ఒక ప్రశ్న వస్తోంది. "అమ్మాయికి డిగ్రీ మూడేళ్ళూ అయిపోతున్నాయి. నాలుగో ఏడు ఆనర్స్ ఉందంటున్నారు. చదివించాలా, మాన్పించాలా?" దీని గురించే నాలుగు మాటలు చెప్తాను.

మన రాష్ట్రం డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో ఒక సబ్జెక్టు ముఖ్యంగా, ఇంకొకటి మైనర్‌గా చదువుతారు. మూడేళ్ళు పాసైతే మామూలు డిగ్రీ చేతికొస్తుంది. అక్కడితో ఆగినా ఆ డిగ్రీ ఎక్కడికీ పోదు. నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్ డిగ్రీ. యూజీసీ లెక్కలో మూడేళ్ళకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళకి 160. క్రెడిట్లంటే మన పొదుపు పుస్తకంలో జమ లాంటివే, పాసైన కొద్దీ పిల్ల ఖాతాలో పడతాయి.

సార్వా పంట ఇంటికొచ్చాక దాళ్వా వెయ్యాలా అన్నది కాలవలో నీళ్ళు చూసుకుని నిర్ణయించుకుంటాం. ఇదీ అంతే. గ్రూప్-2, బ్యాంకు పరీక్షలు, బీఈడీ, ఎంబీఏ, వీటికి మూడేళ్ళ డిగ్రీ చాలు. అమ్మాయి అటు వెళ్ళాలనుకుంటే ఆ ఏడాది కోచింగుకో, ఉద్యోగానికో వాడుకోవచ్చు. పీజీ చేసి లెక్చరర్ అవ్వాలి, పరిశోధన చెయ్యాలి అనుకునే పిల్లకి మాత్రం నాలుగో ఏడు పనికొస్తుంది. ఆనర్స్ చదివినవాళ్ళకి పీజీ ఒక్క ఏడాదిలో పూర్తయ్యే వీలుందని యూజీసీ చెప్పింది. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం తెచ్చుకుంటే నేరుగా పీహెచ్‌డీకి కూడా అర్హత ఉంది. అందుకని మొదటి ఏడాది నుంచే మార్కుల మీద కన్నుండాలి.

ఆనర్స్ అనే మాట మన గోదావరి ఆడవాళ్ళకి కొత్త కాదు. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఆవిడ తర్వాత చదువుకుని, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ చేశారు. అక్కడ ఆడపిల్లలకి హాస్టల్ లేదంటే ఊరుకోలేదు. చదవాలనుకునే మిగతా అమ్మాయిలని కూడగట్టుకుని, వాళ్ళే హాస్టల్ నడుపుకున్నారు. తర్వాత లాయరయ్యారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. పదిమంది కలిస్తే దారి దొరుకుతుందని సంఘంలో ఉన్న మనకి వేరే చెప్పక్కర్లేదు.

మగపిల్లాడైతే "నాలుగో ఏడు చదివితే ఏం లాభం?" అని అడుగుతాం. ఆడపిల్లైతే "ఇంకెన్నాళ్ళు చదువుతుంది, సంబంధం వచ్చింది" అంటాం. ఇద్దరికీ ఒకటే ప్రశ్న వెయ్యండి. ముందు ఏం చేద్దామనుకుంటోందో అమ్మాయినే అడగండి, దాన్నే చెప్పనివ్వండి.

ఆ తర్వాత కాలేజీ ఆఫీసుకి వెళ్ళి నాలుగు సంగతులు కనుక్కోండి. మా అమ్మాయి సబ్జెక్టులో నాలుగో ఏడు ఈ కాలేజీలోనే ఉందా, వేరే ఊరు వెళ్ళాలా? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ ఏడాదికి కూడా వస్తుందా? హాస్టల్, బస్సు ఖర్చు ఎంతవుతుంది? ఒక్క ఏడాది పీజీ ఈ సబ్జెక్టులో ఏ యూనివర్సిటీలో పెట్టారు? చివరిది రాజమండ్రిలో మన ఆదికవి నన్నయ యూనివర్సిటీలోనూ అడగండి. నోటిమాటతో సరిపెట్టుకోకుండా కాగితం మీద రాయించుకోండి.

ఈ జవాబులు తెలిశాకే సంఘంలో అప్పు పెట్టండి. ఫీజు ప్రభుత్వం ఇచ్చేదైతే మొత్తానికీ అప్పు చెయ్యక్కర్లేదు, బస్సు, హాస్టల్ ఖర్చుకి సరిపడా తీసుకుంటే చాలు. కిస్తీ కూడా తేలికవుతుంది.

మనలో చాలామందిమి పదితోనే ఆగిపోయాం. అయినా బ్యాంకు మేనేజరు ఎదురుగా కూర్చుని వడ్డీ లెక్క అడగడం నేర్చుకున్నాం. కాలేజీ ఆఫీసు అంతకంటే పెద్దదేం కాదు. ఒక్కరే వెళ్ళడానికి మొహమాటమైతే సంఘం నుంచి ఇద్దరు తోడు వెళ్ళండి. నాకు చెప్పినా వస్తాను.