రెండు దేనారాల లెక్క

లూకా 10లో మంచి సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారాలు ఇచ్చాడు కదా. మత్తయి 20 చూస్తే దేనారం ఒక రోజు కూలి. ఖతర్‌లో 2021 మార్చి నుంచి కనీస బేసిక్ నెలకు 1000 రియాళ్లు, అంటే రెండు రోజులకు 66 చిల్లర. ఇంటికి పంపే దాంట్లోంచే తియ్యాలి, అక్కడుంది కష్టం.

ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు ఇస్తానన్నాడు చూడండి, నాకు ఆ మాటే పెద్దది. ఎండదెబ్బ తగిలినోణ్ణి మనం క్లినిక్‌లో దించి డ్యూటీకి పోతాం. సాయంత్రం మళ్లీ ఎవరు పోతారు? సిక్ లీవ్ కాగితం ఆఫీసులో ఎవరిస్తారు?

జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి 3:30 వరకు ఎండలో పని బంద్. ఆ టైంలో పక్క మంచం తమ్ముణ్ణి నీళ్లు తాగావా అని అడగండి.

వచ్చే శుక్రవారం ద్రాక్షతోట కూలీల సంగతి.