రబ్బరు విమానము - మెలిక తెగకుండుట



గాలి చొరని విశాలమైన శాలలలో ఎగురు బొమ్మవిమానములను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. వీనికి మెలిపెట్టిన రబ్బరుపట్టీయే యంత్రము. మెలిక విడుచుకొలది పంకా తిరుగును. 1871వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన పారిస్ నగరమున ట్యూలరీ ఉద్యానమందు ఆల్ఫోన్సు పెనో అను యువకుడు ఇట్టి విమానమును పదునొకండు సెకండ్లు ఎగురవేసెను. నేటి అంతర్జాతీయ పోటీలలో ఒక తరగతి విమానమునకు రబ్బరు గాక 1.4 గ్రాముల బరువున్న చాలును. అట్టివి రెండు కలిసినను మన రూపాయి నాణెమునకు తూగవు.

ఇంత సుకుమారమైన దానికి శత్రువు వెలుపల లేదు, తన రబ్బరే. నా మనుమడు నెలదినములు శ్రమించి ఒక విమానమును కట్టెను. విమానమునందే రబ్బరును తగిలించి నేను త్రిప్పుచుంటిని. "తాతగారూ, ఇక చాలును" అని వాడనెను. "ఇంకొక పది చుట్లు" అంటిని. రబ్బరు ఫట్టున తెగి కొరడావలె కొట్టెను. వెన్నుకర్ర విరిగెను, రెక్క చినిగెను. వాడు ఏడ్వలేదు, నా చేతివంక చూచెను. ఆ చూపే నాకు పాఠమయ్యెను.

పిమ్మట నేర్చినది చెప్పెదను. రబ్బరును విమానమందు త్రిప్పరాదు. బల్లకు బిగించిన కొక్కెమునకు ఒక కొనను, చేతిమరకు రెండవకొనను తగిలించి, అచ్చటనే త్రిప్పి, కొనలందలి చిన్న వలయములను పట్టి విమానమునకు మార్చవలెను. తెగినచో రబ్బరే పోవును, విమానము మిగులును. విమానపు కడుపులోనే రబ్బరుండునెడల, త్రిప్పునంతసేపు దానిచుట్టు సన్నని గొట్టమును తొడుగవలెను. దెబ్బను గొట్టము కాచును.

త్రిప్పుటకు ముందు రబ్బరుపై గాట్లు ఉన్నవేమో చూడుడు. పొడిని కడిగి ఆరబెట్టి సిలికోను నూనె పూయుడు. పొడిగా నున్న పేటలు ఒకదానినొకటి కోసికొనును. కిరసనాయిలు, యంత్రపు నూనెలు తగవు; అవి రబ్బరును చెరుచును. పట్టీని అయిదింతలు సాగదీసి సగము చుట్లు త్రిప్పి, తక్కినవి త్రిప్పుచు మెల్లగా దగ్గరకు రావలెను. ఎండ తగులని డబ్బాలో దాచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది హద్దు. అదే రబ్బరులో ఒక ముక్కను కావలెనని తెగువరకు త్రిప్పి చుట్లు లెక్కింపుడు. నూటికి తెగినచో ఎనుబదికి నిలుపుడు. ఒక ముక్క నష్టము, ఒక విమానము లాభము.

రెండవ విమానమునకు మనుమడే త్రిప్పెను. నేను లెక్కించితిని. వాడు "చాలును" అన్నప్పుడు నేను మారుమాట పలుకలేదు. అది ఎగిరినది.