పదిమందితో సైకిలు ప్రయాణం



సైకిలు మనకు కొత్త కాదు. చదువుకునే రోజుల్లో పెంటపాడు నుంచి తాడేపల్లిగూడెందాకా, వెనక క్యారియరు మీద స్నేహితురాలిని కూర్చోబెట్టుకుని మరీ తొక్కినవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. పెళ్ళయి పట్నం చేరాక మానేశాం, అంతే. ఇప్పుడు రోగుల సహాయానికనీ, పేదపిల్లల చదువుకనీ సంఘాలవారు సైకిలు యాత్రలు పెడుతుంటే మళ్ళీ సరదా పుడుతోంది. మంచిదే. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలమంది పల్లెటూరి స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు, గుంపులుగా వీధుల్లోకి వచ్చారు. వాళ్ళు చేసింది మనం చేయలేమా?

అయితే ఒంటరిగా తొక్కడం వేరు, పదిమందితో తొక్కడం వేరు. ఒక్కరమే వెళుతుంటే మన బ్రేకు మనకోసమే. గుంపులో మనం హఠాత్తుగా బ్రేకు నొక్కితే పడేది వెనకావిడ. కాబట్టి మొదటి సూత్రం ఇదీ: ఏ పనీ చెప్పకుండా చేయకండి. ఆగేముందు "ఆగుతున్నా" అనండి. గుంట కనిపిస్తే "గుంట" అని కేక వేయండి. పెళ్ళి పందిట్లో విస్తళ్ళు అందించినట్టు, ముందునుంచి వచ్చిన మాటను వెనక్కి అందించండి.

రెండోది, మీ ముందు చక్రాన్ని ముందావిడ వెనక చక్రం పక్కకి పోనివ్వకండి. ఆవిడ కొద్దిగా పక్కకి జరిగి చక్రాలు రాసుకున్నాయంటే, చాలాసార్లు పడేది వెనకున్నవారే. ఎందుకంటారా? హ్యాండిలుతో తిప్పేదీ, ఒరిగిపోకుండా సర్దుకునేదీ ముందు చక్రంతోనే. అది అడ్డుపడితే ఇక సర్దుకునే వీలుండదు. అలవాటు తప్పినవాళ్ళు రెండు సైకిళ్ళంత ఎడం వదలండి. కబుర్ల కోసం జంటగా తొక్కకండి. ఎడమవైపు ఒకే వరసలో వెళ్ళండి. కబుర్లకి టీకొట్టు దగ్గర బోలెడు టైముంటుంది!

హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల మేర సైకిళ్ళకే ప్రత్యేకంగా దారి వేశారు. మన డెల్టాలో మాత్రం ధాన్యం లారీలతోనూ, ట్రాక్టర్లతోనూ దారి పంచుకోవాల్సిందే. కోతల రోజుల్లో రోడ్డుమీదే ధాన్యం ఆరబోస్తారు. కొల్లేరు వైపు చేపల లారీలనుంచి నీళ్ళు కారి రోడ్డు జారుతుంది. అలాంటిచోట బ్రేకు నొక్కుతూ హ్యాండిలు తిప్పకండి. ముందే వేగం తగ్గించి, తిన్నగా దాటండి. అనుమానమొస్తే దిగి నడిపించండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. చలికాలం కాలవగట్ల మీద మంచు కమ్ముతుంది. వెనక ఎర్రలైటు లేకుండా తెల్లవారుజామున బయల్దేరకండి. కొంగూ, చున్నీ గొలుసులో పడకుండా బిగించి దోపుకోండి. హెల్మెట్ పెట్టుకుని బకిల్ వేసుకోండి. టైర్లలో గాలీ, రెండు బ్రేకులూ ముందురోజే చూసుకోండి.

ఇంకొక్క మాట. మనకి మొహమాటం ఎక్కువ. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, తాము తినకుండా యాత్రకి పరిగెత్తే ఇల్లాళ్ళున్నారు. దారిలో కళ్ళు తిరుగుతున్నా "నావల్ల అందరూ ఆగాలా?" అని పళ్ళబిగువున తొక్కుతారు. ప్రమాదం అక్కడే ఉంది. రెండు ఇడ్లీలైనా తిని, నీళ్ళ సీసాతో బయల్దేరండి. అలిసిపోతే నోరు విప్పి చెప్పండి. గుంపు వేగాన్ని అందరికంటే నెమ్మదిగా తొక్కే ఆవిడే నిర్ణయించాలి. అందరికీ వెనక అనుభవమున్న మనిషి ఒకరు ఉండితీరాలి. అలా ఏర్పాటు చేశారా, ప్రథమచికిత్స పెట్టె ఉందా, పోగైన సొమ్ముకి రసీదు ఇస్తారా అని పేరిచ్చేముందే అడగండి. అడగడం తప్పు కాదు.

ఎవరైనా పడితే తక్కినవాళ్ళు రోడ్డు మధ్య గుమిగూడకండి, ఎడమకి తప్పుకోండి. ఒకరు వెనకనుంచి వచ్చే బళ్ళను హెచ్చరించాలి. మెడకో నడుముకో దెబ్బ తగిలిందనిపిస్తే గబుక్కున లేవదీయకండి. 108కి ఫోను చేయండి.

ఎవరికో వైద్యం చేయించడానికి బయల్దేరి మనమే ఆస్పత్రి పాలవడం ఏం పుణ్యం? బయల్దేరిన పదిమందీ క్షేమంగా ఇల్లు చేరితేనే ఆ దానం నిండుదానం.