జుట్టుకు పట్టిన మడ్డి

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ మనం జుట్టు సంగతి మాట్లాడుకుందాం. జుట్టు పెరగడానికి ఏం రాయాలి అనే సంగతి కాదు సుమండీ. అది చెప్పేవాళ్ళు వీధికి పదిమంది వున్నారు. టీవీ పెడితే అదే, ఫోను తెరిస్తే అదే. నేను చెప్పబోయేది, రాసినదాన్ని వదిలించడం ఎలాగన్నది. ఈరోజుల్లో చాలామంది ఆడపిల్లల జుట్టుకు వచ్చిన చిక్కు ఏదో తక్కువై వచ్చింది కాదు, ఎక్కువై వచ్చింది.

నూనె డబ్బా అడుగున కొన్నాళ్ళకు మడ్డి చేరుతుంది, మీరంతా చూసే వుంటారు. అలాంటి మడ్డే వెంట్రుకల మీదా, కుదుళ్ళ దగ్గరా కూడా చేరుతుంది. దాన్ని పోల్చుకోవడం కష్టమేమీ కాదు. తలకు పోసుకున్న మర్నాటికే జుట్టు బరువుగా, అట్టకట్టినట్టు వుంటుంది. తల తడిపితే నీళ్ళు ఒక పట్టాన ఇంకవు, పైపైన జారిపోతాయి. ఆరడానికి చాలాసేపు పడుతుంది. దువ్వెన పళ్ళ మధ్య బూడిదరంగు జిడ్డు చేరుతుంది. గోటితో వెంట్రుకను గీస్తే మైనంలాంటిది గోటికి అంటుతుంది. ఇవి కనిపిస్తే, "జుట్టు కళ తప్పింది, ఇంకో సీసా కొందాం" అనుకోకండి. ముందు వున్నది వదిలించాలి.

చుండ్రుకూ దీనికీ తేడా వుంది. చుండ్రు పొలుసులు తల చర్మం మీద నుంచి లేస్తాయి, దురద పెడతాయి. మన చర్మం మీద మామూలుగా వుండే ఒక రకం బూజు హద్దుమీరి పెరగడం దానికి ఒక ముఖ్య కారణం. ఆ బూజుకు చర్మం మీది జిడ్డే ఆహారం. అంచేత చుండ్రు వున్న తలకు నూనె పట్టించి రోజుల తరబడి వుంచితే తగ్గకపోగా ముదురుతుంది. పేల గుడ్లు వేరు. అవి వెంట్రుకకు అతుక్కుని, విదిలిస్తే రాలవు. ఏది ఏదో చూసుకోకుండా అన్నింటికీ ఒకే మందు వెయ్యకూడదు.

మరి ఈ మడ్డి ఎక్కడి నుంచి వస్తుంది? మొదటిది, తలకు పోసుకున్నాక రాసే కండిషనర్లూ, సీరమ్‌లూ. వాటిలో చాలావాటికి నునుపు ఇచ్చేది సిలికోన్ జాతి పదార్థం. సీసా వెనక చిన్న అక్షరాల్లో "డైమెథికోన్" అని వుంటుంది. అది నీళ్ళలో కరగదు. వెంట్రుక మీద పల్చటి పొరలా కూర్చుంటుంది. ఒక పొర అయితే మంచిదే, చిక్కు పడనివ్వదు. పొర మీద పొర పడితేనే తంటా. రెండోది, మినరల్ ఆయిల్ కలిపిన తలనూనెలు. మూడోది, జెల్లూ, స్ప్రేలూ. నాలుగోదాన్ని మనం అనుమానించనే అనుమానించం. అది నీళ్ళు.

ముక్కోటికో, శ్రీరామనవమికో భద్రాచలం వెళ్ళి గోదావరిలో మునిగి వచ్చినప్పుడు జుట్టు పట్టుకుచ్చులా జారుతుంది. "అంతా స్వామి దయ" అనుకుంటాం. దయ సంగతి అట్లా వుంచి, నీళ్ళ సంగతి చూడండి. నదినీళ్ళు సాధారణంగా మెత్తటి నీళ్ళు. అదే తల, ఖమ్మంలోనో, పాల్వంచలోనో అపార్టుమెంటు బోరు నీళ్ళతో పోసుకుంటే చీపురుకట్టలా నిలబడుతుంది. రాళ్ళ పొరల్లో నుంచి వచ్చే బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి వుంటాయి. తాగేనీటికి మన దేశపు ప్రమాణం ప్రకారం ఈ కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు వుండాలి. వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. మీ గీజరులో, నీళ్ళు కాచే గిన్నెలో తెల్లటి పొర కడుతున్నదంటే మీ నీళ్ళు ఎలాంటివో వేరే పరీక్ష అక్కర్లేదు. ఒంటి సబ్బు ఈ నీళ్ళలో నురగ రాదు, విరిగిన పాలలా తెట్టు కడుతుంది. బకెట్టు అంచుకు పట్టే ఆ తెల్లటి తెట్టే తలకూ పడుతుంది. అంచేత ఒంటి సబ్బు తలకు వద్దు. షాంపూ అలా తెట్టు కట్టదు గాని, నీళ్ళలోని లవణాలు మాత్రం కొంచెం కొంచెంగా వెంట్రుకను పడుతూనే వుంటాయి.

ఇక వదిలించే తొందరలో జరిగే నష్టం గురించి చెప్పాలి. మా వీధిలో ఒక అమ్మాయికి పెళ్ళి కుదిరింది. నెల రోజులు ముందునుంచీ ఎవరు ఏది చెబితే అది రాశారు. జుట్టు తీగలు సాగడం మొదలుపెట్టింది. వాళ్ళమ్మ ఎవరో పంపిన వీడియో చూసి, వంటసోడా కలిపిన నీళ్ళతో మూడు రోజులు వరసగా రుద్దింది. జిడ్డు పోయిన మాట నిజమే. దాంతోపాటు జుట్టు ఎండుగడ్డి అయింది, దువ్వితే తుంపులు తుంపులుగా రాలింది. చివరకు ఆరు అంగుళాలు కత్తిరించి, పూలజడకు సవరం పెట్టాల్సి వచ్చింది. పీటల మీద కూర్చున్నంతసేపూ ఆ పిల్ల జడ జారిపోతుందేమోనని వెనక్కి చెయ్యి పెట్టి చూసుకుంటూనే వుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ ఆరు అంగుళాలు తిరిగి రావడానికి ఏడాదికి పైనే పడుతుంది.

ఎందుకలా జరిగిందో చెబుతాను. వెంట్రుక పైభాగం పెంకుటింటి కప్పులాంటిది. సన్నటి పెంకులు ఒకదానిమీద ఒకటి ఎక్కి వుంటాయి. అవి పడుకుని వుంటే జుట్టు మెరుస్తుంది, చిక్కు పడదు. క్షారం తగిలితే అవి లేస్తాయి. క్షారమూ ఆమ్లమూ కొలిచే లెక్కలో 7 మధ్యస్థం. మన తల చర్మం 5.5 దగ్గర, అంటే కాస్త పులుపు వైపు వుంటుంది. వంటసోడా నీళ్ళు 8 పైన. ఒంటి సబ్బు 9, 10 దాకా. బట్టల సోడా అయితే ఇంకా పైకి పోతుంది. లేచిన పెంకుల్ని గట్టిగా రుద్దితే విరిగిపోతాయి. విరిగినవి మళ్ళీ అతుక్కోవు. చర్మం దాటి బయటికి వచ్చిన వెంట్రుకకు ప్రాణం లేదు, దానంతట అది బాగుపడదు. నడుము దాకా జడ వున్నవాళ్ళు లెక్క వేసుకోండి, ఆ జడ కొస ఐదారేళ్ళ నాటిది. ఐదారేళ్ళుగా కడుగుతున్న బట్ట అన్నమాట.

బట్ట అంటే నూలు బట్ట కూడా కాదు, పట్టుబట్ట. పట్టుదారం, వెంట్రుక రెండూ మాంసకృత్తులతో అయినవే. పట్టుచీరను మనం సోడాలో నానబెట్టి బండకేసి బాదుతామా? కుంకుడు రసంలో జాడించి నీడన ఆరేస్తాం. మన పెద్దవాళ్ళు పట్టుచీరకూ, బంగారు గొలుసుకూ, తలకూ ఒకే కుంకుడుకాయ వాడారంటే అందులో అర్థం వుంది.

కుంకుడు పైతొక్కలో, శీకాయలో సాపోనిన్లనే పదార్థాలున్నాయి. వాటి ఒక కొస జిడ్డును పట్టుకుంటుంది, ఇంకో కొస నీటిని పట్టుకుంటుంది. అట్లా జిడ్డును నీళ్ళతో పాటు లాక్కుపోతుంది. సబ్బులా క్షారం కాదు, గట్టి నీళ్ళలో తెట్టు కట్టదు. ఈ రెండూ మన భద్రాచలం అడవుల సరుకే. దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ ఆడవాళ్ళు ఏరి, ఎండబెట్టి సంతలకు తెస్తారు. అడవి సరుకుకు న్యాయమైన ధర ఇవ్వాలని 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. కుంకుళ్ళు, శీకాయ దాని కొనుగోలు సరుకుల్లో వున్నాయి. 1983లో తమిళనాడు కడలూరులో మొదలైన చిక్ షాంపూ లాంటివి చిన్న పొట్లాల్లో పల్లెపల్లెకూ వచ్చాక, కుంకుళ్ళు నలగ్గొట్టే ఓపిక మనకు తగ్గింది. ఓపిక వుంటే పొడి కొనకుండా కాయలే కొనండి. ఏం కొంటున్నామో కంటికి కనబడుతుంది, ఏరిన చేతికీ పని దొరుకుతుంది.

ఇక పద్ధతి. ముందుగా ఒక వారం రోజులు సీరమ్‌లూ, జెల్లూ ఆపండి. తలకు పోసుకునే ముందు జడ కొసలకు మాత్రం కొద్దిగా కొబ్బరినూనె రాయండి. కొబ్బరినూనె కొంత వెంట్రుకలోకి ఇంకి, తడిసినప్పుడు మాంసకృత్తుల నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో వెలువడిన మన దేశ పరిశోధన చెబుతోంది. మినరల్ ఆయిల్‌కు ఆ గుణం కనబడలేదు.

పది పన్నెండు కుంకుడుకాయలు గింజలు తీసి, నలగ్గొట్టి, వేడినీళ్ళలో అరగంట నానబెట్టండి. బాగా పిసికి, పల్చటి గుడ్డలో తప్పకుండా వడకట్టండి. వడకట్టని పిప్పీ, శీకాయ పొడీ కుదుళ్ళలో చిక్కుకుంటే అదే ఇంకో మడ్డి. కొంతమంది గంజిలో నానబెడతారు. గంజి కూడా పూర్తిగా పోయేదాకా కడగాలి. రసాన్ని గోరువెచ్చటి నీళ్ళతో పల్చన చేసి, కుదుళ్ళకు పట్టించి, గోళ్ళతో కాకుండా వేలికొసలతో రుద్దండి. కొసల్ని వేరే రుద్దనక్కర్లేదు, పైనుంచి జారే నురగ వాటికి చాలు. కళ్ళు గట్టిగా మూసుకోండి. చిన్నపిల్లలకైతే నుదుటికి అడ్డంగా తువ్వాలు కట్టండి. కంట్లో పడితే మంచినీళ్ళతో చాలాసేపు కడగాలి. ఎరుపు తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి. కుంకుడైనా రోజూ వద్దు, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. మితిమీరితే అదీ జుట్టును ఎండగడుతుంది.

చివరి నీళ్ళు మెత్తటివైతే సగం పని అయినట్టే. బోరు నీళ్ళతో తల రుద్దుకున్నా, ఆఖరి రెండు చెంబులూ భగీరథ నల్లా నీళ్ళో, పట్టి వుంచిన వాన నీళ్ళో పోసుకోండి. అవి లేకపోతే నీళ్ళు మరిగించి, చల్లార్చి, పైతేట పోసుకోండి. మరిగిస్తే కొంత కఠినత్వం అడుక్కు దిగుతుంది, అంతా పోదు.

నెలకొకసారి అర నిమ్మచెక్క రసం పెద్ద చెంబెడు నీళ్ళలో కలిపి పోసుకుంటే లవణాల పొర కొంత కరుగుతుంది, లేచిన పెంకులు సర్దుకుంటాయి. రెండు నిమిషాలుంచి మంచినీళ్ళతో కడిగేయాలి. నిమ్మరసం చర్మం మీద వుండగా ఎండలోకి వెళితే బొబ్బలెక్కవచ్చు. తల మీద పుండ్లుంటే అసలే వద్దు.

సిలికోన్ పొరలు దట్టంగా పేరుకున్న జుట్టుకు కుంకుడు ఒక్కటే చాలకపోవచ్చు. అప్పుడు "క్లారిఫయింగ్" అని రాసి వున్న షాంపూ ఒక్కసారి వాడండి. బోరు నీళ్ళ మడ్డి అయితే పదార్థాల జాబితాలో "ఈడీటీఏ" వున్నది చూసి తీసుకోండి, అది లవణాలను పట్టి లాగుతుంది. వాడాక కొసలకు కాస్త కండిషనర్ రాయండి. నెలకు ఒకసారి మించవద్దు. రంగు వేసిన జుట్టు అయితే రంగు వెలుస్తుందని ముందే తెలుసుకోండి.

తడిజుట్టుకు బలం తక్కువ. తువ్వాలుతో విదిలించి కొట్టకండి, చుట్టి అద్దండి. పళ్ళు ఎడంగా వున్న దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయండి. దువ్వెనలూ, దిండు గలీబులూ వారానికోసారి ఉతక్కపోతే పోయిన జిడ్డు మళ్ళీ తలకే చేరుతుంది. సాంబ్రాణి పొగ వాసనకు బాగుంటుంది గాని జుట్టును శుభ్రం చెయ్యదు. ఉబ్బసం వున్నవాళ్ళ దగ్గరా, పసిపిల్లల దగ్గరా పొగ వెయ్యకండి.

ఒక్క మాట మాత్రం మరిచిపోకండి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. మడ్డి వదిలించినా, రెండు మూడు నెలలు గడిచినా కుచ్చులు కుచ్చులుగా రాలుతుంటే, తల మీద బిళ్ళలు బిళ్ళలుగా ఖాళీ కనిపిస్తుంటే, అది కుంకుడుకాయతో తీరేది కాదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం మన ఆడవాళ్ళలో తరచు జుట్టు రాలడంతోనే బయటపడతాయి. నీరసం, ఆయాసం, నెలసరిలో తేడా కూడా వుంటే వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి. ఇంట్లో అందరి తలలూ దువ్వి, మన తల సంగతి మనమే ఆఖరున చూసుకుంటాం. అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను.

ఈ ఆదివారం తలంట్లకు కూర్చున్నప్పుడు, కొత్త సీసా మూత తీయకముందు పిల్లల జడ ఒకసారి విప్పి చేత్తో తడిమి చూడండి. మడ్డి వుంటే ముందు దాన్ని మెల్లగా వదిలించండి. ఆ తర్వాత, సీసాలో సగం మీకు అవసరమే లేదని తేలవచ్చు.