ఉరికే బిడ్డకు మైదానం ఏది?



ఫుట్‌బాల్ మగపిల్లల ఆట అనేటోళ్లకు గుగులోత్ సౌమ్య పేరు చెప్పుండ్రి. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ. మొదట పరుగు పందేలల్ల ఉరికేది. ఆ ఉరుకుడు చూసి కోచ్ బంతాటకు మళ్లించిండు. మైదానం అంచు వెంబడి బంతిని తీసుకపోవుడే ఆమె పని. 2022లో క్రొయేషియా దేశంలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు పోయింది. 2024-25 మహిళా లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. ఆ సీజనుకు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే దక్కింది. అయితే ఆ లీగ్ నడిచేది ఏడాదికి కొన్ని నెలలే, అది కూడా యాదిలో పెట్టుకోవాలె.

మన వరంగల్ వాడలల్ల ఉరికే పిల్లలు లేరా? నేను పనిచేసిన ఒక బడిలో ఆటల పీరియడ్ అయితే మగపిల్లలకు బంతి, మన ఆడపిల్లలకు చీపురు! వచ్చే గ్రామసభలో మైదానం సంగతే ముందు అడుగుదాం. బిడ్డలను వెంట తీసుకరాండ్రి.