యవనులు దేవతల నేల కొలిచిరి?



మన ప్రాచీన గ్రంథములలో యవనులని పేర్కొనబడిన జాతి గ్రీకులు. వారు తమ దేవతల నెందుకు కొలిచిరో నేడు మీకు విన్నవింప దలచితిని. భయముచేత ననువారు కొందరు, ఆశచేత ననువారు కొందరు. ఆ రెండు మాటలును కొంతవరకు నిజములే. కాని అంతటితో విషయము ముగియదు.

గ్రీసు కొండల దేశము. అందు సేద్యమునకు దగిన నేల తక్కువ. ఉన్న పంటయు వాననే నమ్ముకొని యుండెడిది. తీరవాసులలో ననేకులకు సముద్రమే బ్రతుకుతెరువు. వాన జ్యూస్ అను దేవుని యధీనము. సముద్రమును భూకంపమును పొసైడన్ అనువాని యధీనములు. ధాన్యము డిమీటర్ అను దేవి యనుగ్రహము. మనుష్యుని చేతిలో లేని పనులకు దేవతలు కర్తలని వారి నమ్మకము. అందుచేత విత్తు చల్లునపుడును, ఓడ యెక్కునపుడును, యుద్ధమునకు వెడలునపుడును వారు దేవతలను ప్రార్థించెడివారు.

వారి కందరికిని ప్రమాణమైన మతగ్రంథ మొక్కటి లేదు. ఫలానా సిద్ధాంతమును నమ్మెదనని యెవ్వడును ఒట్టు పెట్టుకొన నక్కరలేదు. పెద్దలనాటి నుండి వచ్చిన విధిని తప్పక నెరవేర్చుటయే వారికి భక్తి. వారి భాషలో ఖారిస్ అను మాట కలదు. ఇచ్చువాని దయయు, పుచ్చుకొన్నవాని కృతజ్ఞతయు ఆ యొక్క మాటలోనే యిమిడి యున్నవి. దేవతలకును మనుష్యులకును నడుమ నుండవలసిన సంబంధ మదియే యని వారు తలచిరి.

ఇందుకొక నిదర్శనము చెప్పెదను. క్రీ.పూ. 490లో పారసీక చక్రవర్తి సేన యేథెన్సు నగరమును లోబరుచుకొనుటకై మారథాన్ అనుచోట దిగెను. ఏథెన్సువారు కొలదిమంది. వారు ఆర్టెమిస్ దేవికి మ్రొక్కుకొనిరి: శత్రువు లెందరు కూలుదురో అన్ని మేకలను బలి యిత్తుమని. జయము వారిదే యయ్యెను. కూలిన పారసీకులు 6,400 మంది యని హెరొడోటస్ అను చరిత్రకారుడు వ్రాసెను. అన్ని మేక లెక్కడ దొరకును? దొరకలేదు. కావున ఏటేట 500 మేకల చొప్పున సమర్పింప నిశ్చయించిరి. ఈ సంగతిని చెప్పిన జెనొఫను యుద్ధము జరిగిన దాదాపు 90 ఏండ్లకును ఆ బలి సాగుచునే యున్నదని తెలిపెను.

పెద్దలారా, ఈ లెక్కను ఒకమారు చూడుడు. ఏటికి 500 చొప్పున 6,400 మేకల ఋణము పదుమూడేండ్లలో తీరిపోవును. అయినను వారు మానలేదు. బేరము మాత్రమే యైనచో లెక్క తీరిననాడే చేతులు కడుగుకొందురు గదా! కావున అది బేరమునకు మించినది. దేవి తమ్ము కాచినదను మాటను బిడ్డలకును వారి బిడ్డలకును మరపు రానీయకుండుటయే ఆ బలికి ప్రయోజనమని నాకు దోచుచున్నది.

వేరొక ప్రయోజనమును కలదు. వారి బలిపీఠము గుడిలోపల గాక, గుడి వెలుపల నందరు గూడుచోట నుండెడిది. సాధారణముగా ఎముకలను క్రొవ్వును దేవతకై అగ్నిలో వేల్చి, మాంసమును జనులు పంచుకొని తినెడివారు. ఏథెన్సునందు ఎథీనాదేవి యుత్సవమున పశువులను బలి యిచ్చి, ఆ మాంసమును పౌరులకు పంచిపెట్టెడివారు. కలిసి పూజించి, కలిసి భుజించినవారే యొక యూరివారు. దేవతను విడిచినవాడు ఊరిని విడిచినవాడే యని వారు తలచుటకు కారణ మిదియే.

ఈ నమ్మకమునకు గట్టి పరీక్షలును వచ్చినవి. క్రీ.పూ. 430లో ఏథెన్సునందు మహామారి చెలరేగెను. తానును ఆ వ్యాధి పాలబడి బ్రదికిన థ్యూసిడిడీస్ ఆ దినములను వర్ణించినాడు. జనులు గుళ్లలో మొఱపెట్టుకొనిరి, ఫలము లేకపోయెను. భక్తుడును భక్తిలేనివాడును ఒక్క రీతినే చచ్చుట చూచి, పలువురు దైవభయమును విడిచిరి.

తరువాత సోక్రటీసను జ్ఞాని మఱియొక ప్రశ్న వేసినట్లు ఆయన శిష్యుడు ప్లేటో వ్రాసెను. మనము దేవతల నడుగుట, వారికిచ్చుట, ఇంతయే భక్తి యైనచో అది యొక వర్తకము కాదా? వారికి మనవలన కలుగు లాభ మేమి? ఈ ప్రశ్నకు ఎదుటివాడు నిలువదగిన సమాధానము చెప్పలేకపోయెను.

క్రీ.పూ. 399లో ఈ సోక్రటీసుపైననే, నగరదేవతలను అంగీకరింపడనియు, యువకులను చెఱుపుచున్నాడనియు నేరము మోపిరి. ఆయనకప్పుడు డెబ్బదియేండ్లు. న్యాయసభ మరణశిక్ష విధించెను. విషము త్రాగి, దేహము చల్లబడుచుండగా, ఆయన మిత్రుడైన క్రీటోను బిలిచి, వైద్యదేవుడగు అస్క్లీపియస్‌నకు తాము కోడి నొకదానిని బాకీపడితిమనియు, మరువక తీర్పుమనియు చెప్పెనట. ఆయన కడపటి మాట యదియే యని ప్లేటో వ్రాత.

ఆ మాట కర్థమేమని పండితులు నేటికిని వాదించుకొనుచున్నారు. నేను మాత్రము దానిని ఉన్నదున్నట్లుగనే గ్రహింతును. దేవతలకు మనవలన లాభమేమని యడిగినవాడును, తా నచ్చియున్నది తీర్పకుండ పోవుట కిష్టపడలేదు. భయము పోవచ్చును, ఆశ తీరవచ్చును. తాను పొందినదానిని మరువరాదను తలపు యవనుల పూజలో ఆ రెంటికంటెను లోతుగా వేరూనియున్నదని నా యభిప్రాయము.