ఆటగాళ్ళ సంపాదన – పెన్షనరు లెక్క

(ఆత్మకూరులో పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత ట్రెజరీ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ డిసెంబరు 17న మనం నకారా తీర్పును తలచుకొంటాం. పెన్షను సర్కారు దయాధర్మం కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని 1982లో సుప్రీంకోర్టు చెప్పిన రోజది. డీఏ గురించీ, పీఆర్సీ గురించీ నా ముందు మాట్లాడినవారు వివరంగానే చెప్పారు. నేను గోల్ఫు ఆటలో డబ్బు గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వి, "ఆత్మకూరులో గోల్ఫు యాడుందప్పా?" అన్నారు. నిజమే, లేదు. చూడాలంటే హైదరాబాదులో గోల్కొండ కోట నయాకిలా దగ్గరికో, విశాఖపట్నానికో పోవాలి. ఆ కర్ర పట్టుకోవడం నాకూ తెలియదు. కాని ఉద్యోగమంతా ఇతరుల జీతాల బిల్లులు చూసిన కండ్లు ఇవి. ఎవరికి ఎంత, ఏ పద్దు కింద, ఏ షరతు మీద అనేది పేపర్లో కనబడితే చదవకుండా ఉండలేను.

ముందుగా మన తెలుగుబిడ్డ ఒకరున్నాడని మనవి చేస్తాను. పేరు సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి అమెరికాకు వెళ్ళినవారు. ఈ అబ్బాయి 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. 2023 సెప్టెంబరులో నాపా అనే ఊళ్ళో జరిగిన ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఆ ఒక్క గెలుపుకు వచ్చిన సొమ్ము 15 లక్షల 12 వేల డాలర్లు. అంటే మన లెక్కలో పన్నెండు కోట్ల పైమాట. వినడానికి బాగానే ఉంటుంది గాని, ఆ సొమ్ము వచ్చే దారి మన జీతం వచ్చే దారి లాంటిది కాదు.

గోల్ఫులో ఆటగాడు ఎవరికీ ఉద్యోగి కాడు. అమెరికాలో పీజీఏ టూర్ అనే పాత వ్యవస్థ ఉంది. ఏడాది పొడుగునా వారం వారం ఒక్కో ఊళ్ళో పోటీ పెడుతుంది. నాలుగు రోజుల ఆట. రెండు రోజులయ్యాక 'కట్' అని ఒక గీత గీస్తారు. గీతకు అవతల ఉన్నవాళ్ళు, అంటే వచ్చినవారిలో సగానికి పైగా, శుక్రవారం సాయంత్రమే పెట్టె సర్దుకొని పోవలసిందే. వాళ్ళకు బహుమతి సొమ్ము రాదు. విమానం టిక్కెట్టు, హోటలు గది, సంచి మోసే కాడీ కూలి, అన్నీ సొంత ఖర్చు. టీఏ బిల్లు పెట్టుకోవడానికి ఆఫీసే లేదు. గెలిస్తే పండగ, లేకుంటే పస్తు. మన మెట్టపొలం సేద్యానికీ దీనికీ పెద్ద తేడా నాకైతే కనబడదు.

అయితే ఆ టూర్‌లో మనబోటివాళ్ళం మెచ్చుకోదగిన ఏర్పాటు ఒకటుంది. ఆటగాడు కట్ దాటిన ప్రతిసారీ అతని పేరు మీద పదవీ విరమణ నిధిలో టూర్‌వారే కొంత సొమ్ము జమ వేస్తారు. ఎన్నేళ్ళు నిలకడగా ఆడితే అంత పెరుగుతుంది. పేపర్లలో పెద్దక్షరాలతో వచ్చేది గెలుపు సొమ్ము. ఈ జమ సంగతి ఎవరూ రాయరు.

ఇలాంటి చోటికి 2022లో రెండో దుకాణం వచ్చింది. సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి డబ్బుతో 'లివ్ గోల్ఫ్' అని మొదలుపెట్టారు. రోమన్ అంకెల్లో ఎల్, ఐ, వి కలిపితే 54. నాలుగు రోజులు 72 గుంటలు ఆడే బదులు మూడు రోజులు 54 గుంటలు ఆడించడంతో మొదలైంది గనుక ఆ పేరు. మొదట్లో 48 మందే ఆటగాళ్ళు, కట్ లేదు. అప్పట్లో ఒక్కో పోటీకి రెండున్నర కోట్ల డాలర్లు. 2022 జూన్‌లో లండను దగ్గర తొలి పోటీ గెలిచిన దక్షిణాఫ్రికా ఆటగాడు ష్వార్ట్‌జెల్‌కు జట్టు వాటాతో కలిపి 47 లక్షల 50 వేల డాలర్లు ముట్టాయి. నన్ను ఆశ్చర్యపరచింది అది కాదు. అందరికన్నా ఆఖరున వచ్చినవానికి 1 లక్షా 20 వేల డాలర్లు! అప్పటి మారకంలో తొంభై లక్షల రూపాయల పైన. ఓడినందుకు.

దీనికి తోడు పేరున్నవాళ్ళకు ముందుగానే ఒప్పందం సొమ్ము. ఫిల్ మికెల్సన్‌కు 20 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. టైగర్ వుడ్స్‌కు 70, 80 కోట్ల డాలర్ల దాకా ఇవ్వజూపితే కాదన్నాడని అప్పట్లో ఆ సంస్థ పెద్దగా ఉన్న గ్రెగ్ నార్మన్ స్వయంగా చెప్పాడు. మన దేశపు అనిర్బన్ లాహిరి 2022 మార్చిలో పాత టూర్‌లోనే ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానానికి 21 లక్షల 80 వేల డాలర్లు తెచ్చుకొని, ఆ ఆగస్టులోనే కొత్త దుకాణానికి మారాడు.

మనకు అర్థమయ్యే మాటలో చెబుతాను. రిటైరయ్యేటప్పుడు మనం పెన్షనులో నలభై శాతం దాకా కమ్యూట్ చేసి ఒకేసారి తీసుకొంటాం గదా. కొత్త టూర్‌వారు చేసింది నూటికి నూరు శాతం కమ్యుటేషను. మొత్తం ఇప్పుడే తీసుకో, తర్వాత నీకూ పాత టూర్‌కూ రుణం లేదు. పాత టూర్ అటు ఆడినవాళ్ళను సస్పెండు చేసింది. కొత్తగా నిధిలో జమ పడే దారి ఆ రోజుతో మూసుకుపోయినట్టే. ఇప్పటికే సంపాదించుకొన్న మికెల్సన్ లాంటివానికి అది లెక్కలోనిది కాదు. ఇరవై రెండేళ్ళవానికి మాత్రం లెక్కలోనిదే.

అసలు విశేషం ఇంకొకటుంది. పోనివాళ్ళకూ లాభం వచ్చింది. 2022 ఆగస్టులో పాత టూర్ కొన్ని పెద్ద పోటీల సొమ్మును 2 కోట్ల డాలర్లకు పెంచుతామంది. పూర్తి అర్హత ఉన్న ప్రతి సభ్యునికీ ఏడాదికి కనీసం 5 లక్షల డాలర్లు హామీ ఇచ్చింది. ఇన్నేళ్ళూ లేని కనీస వేతనం ఒక్క వేసవిలో పుట్టుకొచ్చింది! డబ్బు నిన్న లేక కాదు, అడిగే రెండోవాడు లేక. మన పల్లెల్లో పత్తి కొనడానికి ఒకే వ్యాపారి వచ్చిన ఏడు తేమ ఉందంటాడు, గుడ్డికాయ అంటాడు. రెండో లారీ వచ్చి ఆగితే అదే పత్తి తెల్లగా కనబడుతుంది. 2023 జూన్‌లో రెండు టూర్లవాళ్ళూ రాజీకి వచ్చామని ప్రకటించారు గాని, పెట్టుకొన్న ఆ ఏడాది ఆఖరి గడువు తేలకుండానే దాటిపోయింది.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనవచ్చు. కాని ఇదే కథ మన హైదరాబాదులో పదిహేనేళ్ళ ముందే జరిగింది. క్రికెట్టులో. అక్కడ దెబ్బ తగిలింది మన పిల్లలకు.

క్రికెట్ ప్రసార హక్కులు దొరకని జీ టీవీ యజమాని సుభాష్ చంద్ర 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్, ఐసీఎల్ అని సొంతంగా మొదలుపెట్టారు. దీనికి పాత మాదిరి ఉంది. 1977లో ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ కూడా టీవీ హక్కులు రాకనే వేరుకుంపటి పెట్టాడు. అక్కడ ఆటగాళ్ళు లండను హైకోర్టుకు పోయి, నిషేధం బ్రతుకుతెరువుకు అడ్డు అని ఆ ఏడే తీర్పు తెచ్చుకొన్నారు. మనవాళ్ళకు ఆ అదృష్టం పట్టలేదు. ఐసీఎల్‌లో చేరినవారిని బీసీసీఐ దూరం పెట్టింది. హైదరాబాదు హీరోస్ అనే జట్టులో చేరినవారిలో అంబటి రాయుడు ఉన్నాడు. గుంటూరులో పుట్టిన కుర్రవాడు. 2002లో పదిహేడేళ్ళ వయసులో ఆంధ్ర జట్టు మీద ఒకే రంజీ మ్యాచిలో 210, 159 పరుగులు కొట్టినవాడు. 2004లో అండర్-19 ప్రపంచకప్‌కు భారత కెప్టెన్. ఐసీఎల్‌లో చేరేనాటికి ఇరవై రెండు నిండలేదు. రంజీ ఆడుతున్న మరికొందరు హైదరాబాదు కుర్రవాళ్ళూ వెంట నడిచారు. 2008 ఏప్రిల్‌లో ఆ జట్టు కప్పు కూడా గెలిచింది. ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది?

బీసీసీఐ ఏం చేసింది? దేశవాళీ పోటీల బహుమతి సొమ్ము పెంచుతామని ఆ ఏడే ప్రకటించింది. సెప్టెంబరులో ఐపీఎల్ ప్రకటించింది. 2008 ఫిబ్రవరి 20న బొంబాయిలో వేలం పెడితే ధోనీ 15 లక్షల డాలర్లు పలికాడు. మన డెక్కన్ ఛార్జర్స్ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేలకు కొన్నది. ఇక్కడ మన లక్ష్మణ్ గారి సంగతి చెప్పకుండా ఉండలేను. 'ఐకాన్' ఆటగానికి జట్టులో అందరికన్నా ఎక్కువ ధర పలికినవానికంటే పదిహేను శాతం ఎక్కువ ఇవ్వాలని నిబంధన. జట్టు కొనుగోళ్ళకు సొమ్ము మిగలాలని ఆయన ఆ హోదానే వదులుకొని 3 లక్షల 75 వేల డాలర్లకు ఆడాడు. తన స్కేలు తానే తగ్గించుకొన్న ఉద్యోగిని నేనైతే నా సర్వీసులో చూడలేదు.

పోటీ దుకాణం వల్ల రేటు పెరిగింది, ఆ రేటు మాత్రం దుకాణం మారనివాళ్ళకు దక్కింది. ఐసీఎల్ 2009 నాటికి ఆగిపోయింది. ఒప్పందం సొమ్ము కొందరికి పూర్తిగా ముట్టలేదని ఆటగాళ్ళ అంతర్జాతీయ సంఘం అన్నది. ఆ ఏడు బీసీసీఐ క్షమాభిక్ష ప్రకటిస్తే డెబ్భై మందికి పైగా భారత ఆటగాళ్ళు ఐసీఎల్‌తో తెగతెంపులు చేసుకొని తిరిగి వచ్చారు. మన భాషలో బ్రేక్ ఇన్ సర్వీసును కండోన్ చేశారన్నమాట. కాని పోయిన సీనియారిటీని ఎవరిస్తారు? రాయుడు భారత జట్టు తరఫున తొలి వన్డే ఆడింది 2013 జూలైలో, హరారేలో, ఇరవై ఎనిమిదికి దగ్గరపడ్డాక. ఆ మ్యాచిలో 63 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. తర్వాత 2023లో విరమించేదాకా ఆరు ఐపీఎల్ కప్పుల జట్లలో ఉన్నాడు. అతడు నిలదొక్కుకొన్నాడు సరే, వెంట నడిచినవారిలో భారత టోపీ మరెవరికీ రాలేదు.

ఇక పెన్షను సంగతి. బీసీసీఐ పాత టెస్టు ఆటగాళ్ళకు నెలకు 5 వేల చొప్పున పెన్షను మొదలుపెట్టింది 2004లో. అదే 2004 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో చేరిన ఉద్యోగులకు పాత పెన్షను లేదన్నారు, సీపీఎస్ వచ్చింది. ఆటగానికి పెన్షను పుట్టిన ఏడే పంతులుకు పోయింది! సరే, అది వేరే సభలో మాట్లాడుకొందాం. ఐసీఎల్‌కు పెద్దగా ఉన్న కపిల్ దేవ్‌కు, 1983లో ప్రపంచకప్ తెచ్చిపెట్టిన మనిషికి, బీసీసీఐ పెన్షను ఆపింది. 2012లో ఐసీఎల్‌తో ఇక సంబంధం లేదని ఆయన ఉత్తరం రాశాకనే పెన్షను తిరిగి వచ్చింది, వందకు పైగా టెస్టులాడినవారికి ఇచ్చిన కోటిన్నర రూపాయలూ వచ్చాయి. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఆట నిన్నటిది, పెన్షను దానికి ప్రతిఫలం. రేపు ఏ లీగులో కూర్చున్నాడని నిన్నటి సేవ చెరిగిపోదు. బీసీసీఐ సర్కారు శాఖ కాదు గనుక నకారా తీర్పు దానికి నేరుగా వర్తించకపోవచ్చు. న్యాయం మాత్రం రెండు చోట్లా ఒకటే. రిటైరయ్యాక ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పినందుకు మనలో ఒకరి పెన్షను ఆపితే ఊరుకొంటామా?

బీసీసీఐ 2022 జూన్‌లో ఈ పెన్షన్లు పెంచింది. రంజీ స్థాయి ఆటగాళ్ళకు 15 వేలు 30 వేలయింది. పాత టెస్టు ఆటగాళ్ళలో 37,500 తీసుకొనేవారికి 60 వేలు, 50 వేలవారికి 70 వేలు. మహిళా క్రీడాకారిణులలో 30 వేలు తీసుకొనేవారికి 52,500. మంచిదే, అభినందించాలి. కాని ఇచ్చేవాడు ఒక్కడే అయినచోట, ఇచ్చేదీ ఆపేదీ ఆ ఒక్కని ఇష్టమే. ఐపీఎల్‌కు పోటీగా మరో లీగును గుర్తించబోమని ప్రసార ఒప్పందంలో బీసీసీఐ రాసి ఇచ్చినందుకు కాంపిటీషన్ కమిషన్ 2013లో 52 కోట్ల 24 లక్షలు జరిమానా వేసింది. ట్రిబ్యునల్ దాన్ని కొట్టివేస్తే 2017లో కమిషన్ మళ్ళీ అంతే వేసింది.

మన మనుమలలో ఎవరైనా ఆటలో పైకి వచ్చి, ఇలాంటి ఒప్పంద కాగితం చేతికి వస్తే, మొదటి పుటలో ఉన్న అంకె కన్నా ముందు మూడు సంగతులు చూడమనండి. సంస్థ మూతపడితే బాకీ ఎవరిస్తారు, తిరిగి వస్తే పాత చోట తలుపు తీస్తారా, అరవై యేళ్ళప్పుడు ఏం వస్తుంది. ట్రెజరీ బల్ల దగ్గర నేను ఏ బిల్లులోనైనా ముందు ఆఖరి పుటే చూసేవాణ్ణి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, తీగల అబ్బాయి సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. 2024 ఆగస్టు చివరి వారం, అట్లాంటాలో టూర్ ఛాంపియన్‌షిప్. మూడో రోజు ఇసుకగుంటలో బంతి పడింది. కర్ర వెనక్కి ఎత్తేటప్పుడు ఇసుకకు తగిలిందని అతనికి అనిపించింది. తగలకూడదు. పట్టుకొన్నవారెవరూ లేరు. తానే అధికారిని పిలిచి చెప్పి, రెండు దెబ్బల జరిమానా వేయించుకొన్నాడు. చివరికి మూడో స్థానం వచ్చింది. రెండో స్థానానికి తేడా సరిగ్గా రెండు దెబ్బలే. రెండో స్థానానికి కోటీ 25 లక్షల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షలు. ఆ రెండు దెబ్బలూ లేకుంటే ఇద్దరూ సమానమై చెరి కోటి పంచుకొనేవారు. అంటే 25 లక్షల డాలర్లు, మన రూపాయల్లో ఇరవై కోట్ల పైన, ఆ కుర్రవాడు ఇసుకలో వదిలి వచ్చాడు. లెక్క నేను రెండుసార్లు వేసి చూశాను.